పూసలపేరు – కనబడని దారము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ యూరి ఆడుబిడ్డనైన నన్ను పిలిచి, రజతోత్సవ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు మొదట నాకు భయము కలిగినది. నేను పండితురాలను గాను. గ్రంథములు వ్రాసినదానను గాను. హైదరాబాదులోని కృష్ణానగర్‌లో ఒక చిన్న యింట నివసించుచు, ఒక స్నేహితురాలితో కలిసి పూసల నగలు చేయుదానను. "పుస్తకాల సభలో పూసల మాటలెందుకు పెదనాన్నా?" అని అడిగితిని. వారు నవ్వి, "నీకు తెలిసిన సంగతి చెప్పు బిడ్డా. తెలియని సంగతులు చెప్పేటోళ్లు మస్తుగున్నరు" అనిరి. ఆ మాటనే ధైర్యముగా చేసికొని వచ్చితిని.

ఈ గ్రంథాలయము తెరచిన క్రొత్తలో నేను బడిలో చదువుచుంటిని. సాయంకాలము దీపాలు పెట్టు వేళవరకు ఈ బల్ల ప్రక్కనే కూర్చుండెడిదానను. పూసలనుగూర్చి నేను మొదట చదివినది కూడ ఇచ్చటనే. కావున ఆ మాటతోనే ప్రారంభించెదను.

మన గ్రామమునకు దూరముగాకుండ ఈ సంగారెడ్డి జిల్లాలోనే కొండాపూర్ కలదు. హైటెక్ సిటీ ప్రక్కనున్న కొండాపూర్ కాదు, మన కొండాపూర్. అచ్చటి మట్టిదిబ్బ క్రింద శాతవాహనుల నాటి పట్టణ మొకటి యున్నదని 1940 ప్రాంతమున నిజాము రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వి చూపిరి. నాణెములతోను, మట్టిబొమ్మలతోను పాటు అచ్చట పూసలును దొరకినవి. మట్టి పూసలు, గాజు పూసలు, శంఖపు పూసలు, రంగురాళ్ల పూసలు. బడిపిల్లలమైన మమ్ములను అచ్చటి ప్రదర్శనశాలకు తీసికొనిపోయినప్పుడు నేను వానినే చూచుచు నిలుచుంటిని. రమారమి రెండువేల సంవత్సరముల క్రిందట ఏ తల్లి మెడలోనో ఉండిన పూసలవి. ఒక్కటియు చెడలేదు. కాని వానిని కూర్చిన దారము మాత్రము లేదు. అది ఎప్పుడో మట్టిలో కలిసిపోయినది. దారము లేనందున ఏ పూస ప్రక్క ఏ పూస ఉండెనో, అది ఒంటిపేటయో, రెండుపేటలో చెప్పుట పండితులకును కష్టమే. ఆనాడు ఈ సంగతి నాకు పట్టలేదు. పిమ్మట ఒక దారము తెగి నా తల వంచినప్పుడు మాత్రము అది మరల జ్ఞప్తికి వచ్చినది. ఆ కథ చెప్పుటకే నేను లేచితిని.

దానికి ముందు పూస యనునది ఎట్లు పుట్టునో కొంచెము చెప్పెదను. దుకాణములో పావుకిలో పొట్లముగా కొను గాజుపూస వెనుక ఎంత చేయి ఉన్నదో మనము ఎరుగము. తిరుపతి జిల్లాలో, ఏర్పేడు ప్రాంతమున, పాపానాయుడుపేట అను గ్రామము కలదు. అచ్చటి పనివారు తరతరములుగా గాజుపూసలు చేసినవారు. కొలిమిలో కరగిన గాజుముద్దను బోలుగానున్న ఇనుపగొట్టము చివర పట్టించి, దానిని శంఖాకారముగా దిద్ది, నడుమ బెజ్జము ఏర్పరచి, కొలిమి రెండవ ప్రక్కనుండి ఒకడు కొక్కెముతో దాని కొనను లాగును. తేనెతీగ సాగినట్లు సన్నని గాజుగొట్టము సాగుచునే యుండును. పనివాడు చేతులు మార్చుచు గంటల తరబడి దానిని లాగవలెను. ఆ గొట్టములను చిన్న ముక్కలుగా నరకి, బూడిదతో కలిపి మరల కాచినచో, పదునైన అంచులు కరగి నున్నబడును. అప్పుడది పూస యగును.

1980 దశకమున పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికా పరిశోధకుడు ఈ పద్ధతిని గూర్చి వ్రాసి, పుదుచ్చేరి సమీపమునగల అరికమేడులో ప్రాచీన కాలమున పూసలు చేసిన విధమునకు ఇది చుట్టమని చెప్పెను. ఈ రీతిగా గాజును సాగదీసి చేసిన చిన్న పూసలు సముద్రములు దాటి, ఇటు ఆఫ్రికా తీరమునను అటు తూర్పు ఆసియా దేశములలోను దొరకుచున్నవి. వానికి పండితులు ఇండో పసిఫిక్ పూసలని పేరు పెట్టిరి. మన దక్షిణదేశపు పనివాని చేయి అంత దూరము పోయినది. అతని పేరు మాత్రము ఎచ్చటను లేదు.

హైదరాబాదు ముత్యముల సంగతియు ఇట్టిదే. ముత్యములకు హైదరాబాదు ప్రసిద్ధి. కాని ముత్యము హైదరాబాదులో పుట్టదు. పూర్వము పారసీక సింధుశాఖనుండి బస్రా ముత్యములు వచ్చెడివి. ఇప్పుడు చైనాలో మంచినీటి చెరువులందు పెంచిన ముత్యములు విశేషముగా వచ్చుచున్నవి. మరి హైదరాబాదునకు ఆ పేరు ఎట్లు వచ్చినది? ముత్యమునకు సన్నని బెజ్జము వేయుట, వన్నె తేర్చుట, పరిమాణమును రంగును చూచి ఏరుట, పట్టుదారమున పేర్లుగా కూర్చుట – ఈ పనుల నేర్పువలన వచ్చినది. చార్మినారు ప్రాంతమున పట్వాలను నగలు గ్రుచ్చువారు కలరు. మంచి ముత్యాలపేరు కూర్చునప్పుడు ముత్యమునకు ముత్యమునకు నడుమ ఒక చిన్న ముడి వేయుదురు. అందువలన ముత్యములు ఒకదానితో నొకటి ఒరసికొనవు. ఎప్పుడైన దారము తెగినను ఒక్క ముత్యమే జారును; తక్కినవి నిలుచును. ఆ ముడులను కొనువాడు చూడడు. చూడకున్నను అవియే పేరును కాపాడును.

ఇక కృష్ణానగర్ మాట. జూబిలీ హిల్స్ గుట్టలకు, యూసుఫ్‌గూడకు నడుమనున్న పల్లపు వాడ అది. తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసునుండి క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చినది. సమీపమున 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసినది. తరువాత ఫిల్మ్‌నగర్ ఏర్పడినది. నటులు, నిర్మాతలు గుట్టలపైన ఇండ్లు కట్టుకొనిరి. దీపములు మోయువారు, దుస్తులు కుట్టువారు, గుంపులో నిలుచు జూనియర్ ఆర్టిస్టులు, ఒక్క అవకాశము కొరకు ఊరు విడిచి వచ్చిన యువకులు కృష్ణానగర్ గదులలో అద్దెకు దిగిరి. "కృష్ణానగర్ కష్టాలు" అను మాట మీరును వినియుందురు. తెల్లవారకముందే కూడలిలో నిలుచుండి, పిలిచిన బస్సెక్కి, పిలువనినాడు తిరిగివచ్చు జీవనమది. నా భర్త చిత్రీకరణములలో లైట్‌మన్‌గా పనిచేయుదురు. అందుచేత పెండ్లియైన నాటినుండి ఆ వాడయే నా యూరైనది.

మా గదికి ఎదుటి గదిలో ఒక అమ్మాయి ఉండెడిది. గోదావరి జిల్లాలనుండి నటి కావలెనని వచ్చినది. గుంపు నృత్యములలో వెనుక వరుసలో నిలిచినది. నన్ను "అక్కా" అని పిలుచును. నేను ఆమెను "చెల్లె" అందును. 2020 మార్చి నెలలో కరోనా వ్యాధి కారణముగా దేశమంతయు మూతపడినప్పుడు చిత్రీకరణములు నిలిచిపోయినవి. దినకూలివారమైన మాకు చేతిలో పని లేదు, డబ్బాలో బియ్యము చాలదు. ఆ దినములలో ఒకనాడు ఆమె తన పెట్టెలోనుండి ఒక పాత పూసల తోరణమును తీసినది. మన పెద్దల కాలమున ఇంటింట గుమ్మములకు కట్టిన పూసల తోరణములు, గోడలకు వ్రేలాడిన పూసల చిలుకలు మీకు జ్ఞాపకముండును. అది వాళ్ల అమ్మ చేసినదట. ఒక ప్రక్క కొంచెము విరిసినది. "ఇది సరిచేద్దాం రా అక్కా, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోంది" అనినది. ఇద్దరము నేలమీద దుప్పటి పరచి కూర్చుంటిమి. ఆ విధముగా మా పని మొదలైనది.

దుప్పటి పరచుట ఎందుకనగా, నున్నని గచ్చుపై పూస నిలువదు. జారి మంచము క్రింద చేరును. బట్టపై నిలుచును. ఇది మేము నేర్చిన మొదటి పాఠము. తరువాత కొలత నేర్చితిమి. మెడకు అంటియుండు పేరునకు 14 మొదలు 16 అంగుళములు. రొమ్ముమీదికి దిగు పేరునకు 28 లేక 30. ఎనిమిది మిల్లీమీటర్ల పూసలైనచో 16 అంగుళములకు 50 పూసలు, నాలుగు మిల్లీమీటర్లవైనచో 100 పట్టును. బెజ్జము చూచి దారము నెంచవలెను. మొదట పూసలను పళ్లెములో వరుసగా పేర్చి చూచి, పిమ్మటనే గ్రుచ్చవలెను. కొక్కెములకు, కొనలలో వేయు చిన్న ఉంగరములకు పటకారు కావలెను. ఒకరు గ్రుచ్చుచుండగా ఒకరు లెక్కించినచో తప్పు దొరకును. ఒంటిగా చేయు పనిలో కన్ను తన తప్పును తాను చూడదు. స్నేహితురాలు ప్రక్కన ఉండుటలోని మొదటి లాభము ఇదియే. రెండవ లాభము మాటలు. చేతులు పనిలోనుండగా నోటికి తీరిక కలుగును. ఎదురెదురుగా కూర్చుండి చెప్పలేని దుఃఖమును పూసలు చూచుచు చెప్పగలము. ఆమె తన తండ్రి మరణమును గూర్చి నాకు చెప్పినది అట్లు పూసలు ఏరుచున్నప్పుడే.

2020 జూన్ నెలలో చిత్రీకరణములకు మరల అనుమతి లభించినది. క్రమముగా మా పేర్లకును అడుగువారు కలిగిరి. వాడలోని వారు, పెండ్లిండ్లవారు, తరువాత చిత్రముల దుస్తుల విభాగములవారు. తెరపై మీరు చూచు నగ బంగారము కాదని మీరెరిగినదే. పూత పూసిన ఇత్తడి, గాజు, లక్క – దూరమునుండి మెరసిన చాలును, తేలికగా ఉండిన చాలును. బేగంబజారునకు పోయి కట్టలుగా పూసలు తెచ్చెడివారము.

మరుసటి యేట ఒక చిత్రమునకు జాతర పాట తీయుచుండిరి. నలుబదిమంది స్త్రీలకు మూడేసి పేటల చొప్పున, ఎరుపు ఆకుపచ్చ గాజుపూసల హారములు నాలుగు దినములలో కావలెనని అడిగిరి. అనగా 120 పేటలు. పేటకు 85 పూసలైనను పదివేలకు పైమాట. అంత పెద్ద పని మాకెన్నడు రాలేదు. ఆ పాటలో మా చెల్లెలును వెనుక వరుసలో ఆడవలసియున్నది. నృత్యములో కుదుపు ఎక్కువ గనుక, సన్నని ఉక్కుతీగలు పేని పైన పూత పోసిన గేర్ వైరుతోనే కూర్చవలెనని ఇద్దరము అనుకొంటిమి. ధర మాత్రము తొందరలో తక్కువకు ఒప్పుకొంటిమి.

మూడవనాటి సాయంకాలము ఆమె వేరొక చిత్రీకరణమునకు పోయినది. ముప్పది పేటలు మిగిలియుండగా గేర్ వైరు అయిపోయినది. బేగంబజారునకు పోయివచ్చుటకు వేళ చాలదని నాకు నేను చెప్పుకొంటిని. నిజము చెప్పవలెనన్న, వేళ ఉండెను. కాని వైరు కొనినచో మాకు మిగులునది ఏమియు లేదని చేతివ్రేళ్లపై లెక్క వేసికొంటిని. వాడలోని చిల్లర దుకాణములో మామూలు నైలాను దారపు ఉండ కొని, ఆ ముప్పది పేటలను దానితో గ్రుచ్చితిని. మూడువందల రూపాయలు మిగిలినవి. చూపునకు భేదము లేదు. ఆమెకు చెప్పలేదు.

గాజుపూస బెజ్జము అంచు పదునైనది. చౌక పూసలలో ఆ పదును ఎక్కువ. కుదిపిన కొలది అది దారమును కోయును. పాట తీయుచున్న రెండవనాడు, దీపముల వేడిలో, వడివడిగా తిరుగుచుండగా ఒక స్త్రీ మెడలోని పేట తెగినది. నున్నని వేదికపై పూసలు చెదరినవి. వెనుక వచ్చు మరియొక స్త్రీ వానిపై కాలు పెట్టి జారిపడినది. మణికట్టు బెణికినది. పని నిలిచినది. "ఈ దండలు ఎవరు చేసిన్రు?" అని అడుగగా, వెనుక వరుసలోనుండి మా చెల్లెలు ముందుకు వచ్చి, "మేమే చేశామండి" అనినదట. "మేమే" అనినది. తెగినవి ఏ దారముతో కూర్చినవో ఆమె అప్పటికే చూచినది.

ఆ రాత్రి ఆమె మా గదికి వచ్చి, తెగిన దారపు ముక్కను నా ముందు ఉంచినది. నేను మాటలాడలేకపోతిని. తరువాత ఉన్నదున్నట్లు చెప్పితిని. ఆమె కేకలు వేయలేదు. "ముందే చెప్పుంటే ఆ మూడొందలు నేనే పెట్టేదాన్ని కదక్కా" అనినది. లేచి పోయినది. రెండు వారములు మా గుమ్మము త్రొక్కలేదు. ఎదురెదురు గదులలో నుండియు మాటలు లేకుండుట ఎంత కష్టమో అనుభవించినవారికి తెలియును.

పడిన స్త్రీకి తొమ్మిది దినముల పని పోయినది. దినకూలికి పోవువారికి తొమ్మిది దినములన ఏమో ఈ సభలో నేను చెప్పనక్కరలేదు. ఆ కూలిని నేనిచ్చెదనని ఆమె యింటికి పోయితిని. మా చెల్లెలు అప్పటికే పోయి సగము ఇచ్చి వచ్చినది! తక్కిన సగము నేనిచ్చితిని. హారముల సొమ్ములో కొంత కోత పెట్టిరి. అది న్యాయమే గనుక అడుగలేదు.

రెండు వారముల పిమ్మట ఆమె తానే వచ్చినది. చేతిలో వాళ్ల అమ్మ చేసిన తోరణము ఉన్నది. దానిని దీపము ముందు పట్టి దారమును చూపినది. ముప్పదియేండ్ల నాటి నూలుదారము. రెండు పోగులు కలిపి, తేనెమైనము రుద్ది గ్రుచ్చినది. ఒక మూల విరిసినదే గాని మిగిలినదంతయు గట్టిగానున్నది. "మా అమ్మ దీన్ని అమ్మడానికి చెయ్యలేదక్కా. అందుకే దారం దగ్గర కక్కుర్తి పడలేదు. మనం మన కూలి లెక్కలో వేసుకోలేదు. అది ఎక్కడో ఒకచోట మిగలాలని చూశావు. దారం దగ్గర మిగిలింది" అనినది.

అమ్మలారా, అయ్యలారా! నేను ఎన్ని పుస్తకములు చదివినను నాకు తోచని మాట అది. నా తప్పునకు దురాశ కారణమని నేననుకొంటిని. అంతకుముందే ఒక తప్పు జరిగియుండెను. ధర ఒప్పుకొనునప్పుడు పూసల ఖరీదు వ్రాసితిమి, కొక్కెముల ఖరీదు వ్రాసితిమి, ఆటో కిరాయి వ్రాసితిమి. ఇద్దరు స్త్రీలు నాలుగు రాత్రులు మేల్కొనియుండుటకు ఒక్క రూపాయియు వ్రాయలేదు. "ఇంట్లో కూర్చొని చేసుకొనే పనేగా" అని ఇతరులు అందురు, మనమును అనుకొందుము. చేతి కూలిని లెక్కలో వ్రాయనివాడు దానిని మరియొక చోట వెదకును. కనబడు పూసలో తగ్గింపలేడు, కొనువాడు చూచును. కావున కనబడని దారములో తగ్గించును. ఆ నష్టము చివరకు మరియొక పేదరాలి మణికట్టుపై పడును.

ఆనాటినుండి మేము ఒక నోటుపుస్తకము పెట్టితిమి. ఉదాహరణమునకు ఒక పేరు లెక్క చెప్పెదను. పూసలకు 90 రూపాయలు, వైరునకు కొక్కెమునకు 20; మొత్తము 110. దీనిని పూర్వము 150కి అమ్మెడివారము. 40 రూపాయలు లాభమని సంతోషించెడివారము. ఆ పేరునకు మూడు గంటలు పట్టును. గంటకు పదమూడు రూపాయలు! ఏ కూలిపనికైనను ఆ ధరకు మనము పోవుదుమా? ఇప్పుడు గంటకు 60 రూపాయల చొప్పున 180 వ్రాయుచున్నాము. పగిలిన పూసలకు, తప్పిన గ్రుచ్చుటకు 10. మొత్తము 300. "ఎక్కువ" అని వెనుదిరిగినవారు కలరు. లెక్క చూపినచో కొందరు ఒప్పుకొనిరి. అడిగినవారందరు కొనలేదు, కాని కొనినవారు మరల వచ్చిరి. 2025 ఆగస్టులో సినీ కార్మికులు వేతనముల పెంపు కోరుచు పని మానినప్పుడు చిత్రీకరణములు మరల నిలిచినవి. అప్పుడు మా రెండు కుటుంబములకును ఉప్పు పప్పు తెచ్చినది ఆ నోటుపుస్తకములోని కూలి పద్దే.

దారము విషయమునను కట్టుబాట్లు వ్రాసికొంటిమి. గాజుపూసలకు గేర్ వైరు. ముత్యములకు పట్టుదారము, నడుమ ముడులు. నూలుదారము వాడవలసివచ్చినచో రెండు పోగులు, తేనెమైనము. పేరు పూర్తియైనపిమ్మట ఒక రాత్రి మేకునకు తగిలించి, ఉదయము సాగినదా లేదా చూచి, అప్పుడే కొన ముడి వేయుట. పూసలను మరీ బిగించక, వంగుటకు ఒక పూసంత చోటు విడుచుట. ఒకరు చేసిన పేరును రెండవవారు లాగి చూచుట. అన్నిటికంటె ముఖ్యమైనది, సరకు మార్చినచో రెండవవారికి చెప్పుట. ఈ చివరి మాటను నా చేతనే వ్రాయించినది.

ఈ యూరి చెల్లెండ్రలో ఎవరైనను ఈ పని నేర్వదలచినచో నాలుగు జాగ్రత్తలు చెప్పెదను. పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఇంట తెగి పడియున్న పాత దండలను విప్పి కడిగి మొదలు పెట్టవచ్చును. వెలుతురు బాగుగా ఉండవలెను. రాత్రి గ్రుడ్డిదీపమున గ్రుచ్చిన కండ్లు పాడగును. పాకు పిల్లలున్న ఇంట పని ముగియగానే నేలంతయు తుడువవలెను. పూస గొంతులో అడ్డుపడుటకు ఒక్క నిముసము చాలును. మన చేల గట్లమీద దొరకు గురివింద గింజలు చూచుటకు ఎంత అందముగా ఉన్నను నగలలో వాడకుడు. వాని పైపొర గట్టిదేగాని లోపలి పప్పు విషము. బెజ్జము వేసినచో ఆ విషమునకు దారి చేసినట్లే. నమిలినవారికి ప్రాణాపాయము. వానికి బదులు మట్టి పూసలు కాల్చుకొనవచ్చును. ఏటికొప్పాక బొమ్మలవారివలె లక్కపూత పూసిన కొయ్యపూసలను తెప్పించుకొనవచ్చును. నల్లపూసలు కూర్చునప్పుడు మాత్రము ఇంకొక జాగ్రత్త కావలెను. అవి మంగళసూత్రముతో కూడినవి. అనేక కుటుంబములలో పెండ్లి పిదప వేడుకగా కూర్చుదురు. అది తెగినచో ఆ తల్లి మనసులో ఎంత కలత పుట్టునో మనకు తెలియును. కావున అందు వాడు దారమున కాసు మిగుల్చుకొనరాదు.

ఇక గ్రంథాలయము మాట చెప్పి ముగించెదను. పుస్తకమును తెరచి దాని నడుమ చూడుడు. కాగితములను కట్టలుగా మడిచి దారముతో కుట్టియుందురు. చదువువాడు అక్షరములనే చూచును. ఆ కుట్టు వదలినచో అక్షరములు ఎంత గొప్పవైనను పుటలు గాలికి పోవును. ఈ గ్రంథాలయమును అట్లే. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము వెలసిన నాటినుండి, మన దేశమున ఎన్నో గ్రంథాలయములు జీతము కోరని వారి శ్రమమీదనే నడచినవి. అది మనకు గర్వకారణము, ఒక హెచ్చరికయు. ఇరువదియైదేండ్లుగా ఈ తలుపు ప్రతిదినము ఎవరో తీసిరి, ఎవరో ఊడ్చిరి, చినిగిన అట్టలకు ఎవరో కాగితము అంటించిరి. నేను చదువుకొను దినములలో ఆ పని చేసిన అవ్వ పేరు ఏ లెక్కలోను ఉండదని నేననుకొందును. ఆమె ఒకనాడు రానిచో ఆనాడు గ్రంథాలయము లేదు.

కార్యవర్గమువారికి నా విన్నపము ఒక్కటే. ఈ ఉత్సవమున క్రొత్త బీరువా కొనవలెనని, పుస్తకములు తెప్పింపవలెనని చందాలు వ్రాసినారు. చాల మంచిది. ఆ పట్టికలో మొదటి వరుసగా, తలుపు తీసి మూయువారి నెలకూలిని వ్రాయుడు. అది కొంచెమైనను సరే. వ్రాయకున్నచో ఆ కొరత ఎచ్చటనో ఒకచోట తేలును. ముందు వేళలు తగ్గును, తరువాత తలుపు మూతపడును. దానికి నా వంతుగా మా నోటుపుస్తకములోని ఒక నెల కూలిని, అనగా నాదియు, మా చెల్లెలిదియు, తెచ్చితిని. ఆమె ఈనాడు చిత్రీకరణమున నుండి రాలేకపోయినది. "మన ఇద్దరి పేరనే రాయించక్కా" అని చెప్పి పంపినది.

మన తల్లుల పెట్టెలలో పాత పూసలపేర్లు ఉండును. నేడు ఇంటికి పోయినపిదప ఒకటి తీసి, పూసలను కాదు, దారమును చూడుడు. నీరసించియున్నచో తెగకముందే మార్పించుడు. మార్చినవారికి కూలి ఇండు.